హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: ప్రత్యామ్నాయ రేడియో

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు–బెంగళూరు రైలు దారి మీద వరసగా వచ్చే ఊళ్ళు. మొదటిది పట్టుచీరల మగ్గాల ఊరు. రెండోది 1565లో తళ్ళికోట ఓటమి తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న కోట. మూడోది కర్ణాటక సరిహద్దును ఆనుకుని, చింతపండు, బెల్లం, పట్టుగూళ్ల వ్యాపారంతో బతికే పట్నం. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఈ మూడు ఊళ్ళకీ రేడియో చాలాకాలం బయటినుంచే వచ్చింది. కడప నుంచి, బెంగళూరు నుంచి, కొలంబో నుంచి, ఆ తర్వాత అనంతపురం నుంచి. కాబట్టి ఇక్కడి ప్రత్యామ్నాయ రేడియో కథలో ప్రసారం చేసినవాళ్ళ కంటే ముల్లు తిప్పినవాళ్ళదే పెద్ద పాత్ర.

ప్రభుత్వం చేతిలోనూ వ్యాపారుల చేతిలోనూ లేకుండా, రాజకీయ చర్చనూ పాటనూ సినిమా కబుర్లనూ ఒకే చోట కలిపి వినిపించే ప్రసారాన్ని ఈ వ్యాసం ప్రత్యామ్నాయ రేడియో అంటోంది. అమెరికాలో బర్కిలీ ఊళ్ళో 1949లో మొదలైన కె.పి.ఎఫ్.ఎ. శ్రోతల చందాలతో నడిచింది. బొలీవియాలో తగరం గనుల కార్మికులు సంఘం డబ్బుతో స్టేషన్లు పెట్టుకున్నారు. ఇటలీలోని బొలోన్యాలో 1976లో మొదలైన రేడియో అలీచేలో విద్యార్థుల రాజకీయమూ రాక్ సంగీతమూ కలగలిసి వినబడేవి. మరుసటి ఏడాది మార్చిలో పోలీసులు దాన్ని మూయించారు. 'ఆల్టర్నేటివ్ రేడియో' అనే పేరుతోనే 1986 నుంచి అమెరికాలో వారం వారం కార్యక్రమం నడుపుతున్న డేవిడ్ బర్సామియన్‌ను 2011 సెప్టెంబరులో ఢిల్లీ విమానాశ్రయం నుంచే మన ప్రభుత్వం వెనక్కి పంపింది.

తెలుగునాట ఈ కలయికకు స్టేషన్ అవసరం పడలేదు. బుర్రకథలో కథకుడు నడుమ నిలబడితే, ఒక పక్క హాస్యగాడు, మరో పక్క రాజకీయం చెప్పేవాడు నిలబడతారు. ఈ ఏర్పాటులోనే పాట, వినోదం, లోకవ్యవహారం మూడూ ఉన్నాయి. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, షేక్ నాజర్ దళం దాన్ని ఊరూరా తిప్పాయి. రేడియో వచ్చాక ఆ మూడింటినీ మూడు గదుల్లో పెట్టి తాళాలు వేసింది. వార్త ఒక వేళకు, శాస్త్రీయ సంగీతం ఇంకో వేళకు వచ్చేవి. సినిమా పాట కొన్నాళ్ళు అసలు గడపే తొక్కలేదు. ఈ ప్రాంతంలో ఆ తాళాలు తీసింది శ్రోతలే అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కడప, బెంగళూరు, కొలంబో

మద్రాసు ఆకాశవాణి 1938లోనూ, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1నా మొదలయ్యాయి. రెండూ ఇక్కడికి దూరమే. 1963లో కడప కేంద్రం వచ్చాకే రాయలసీమకు తన మాట తీరు రేడియోలో వినబడటం మొదలైంది. మీడియం వేవ్ మీద కడప 900 కిలోహెర్ట్జ్, బెంగళూరు 612. హిందూపురంలో ముల్లు కాస్త జరిపితే తెలుగు, ఇంకాస్త జరిపితే కన్నడం. మడకశిర, పావగడ, గౌరిబిదనూరు చుట్టుపక్కల రెండు భాషలూ ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఘంటసాల పాట తర్వాత పి.బి. శ్రీనివాస్ కన్నడ పాట వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల ఆకాశవాణి కేంద్రాలు పక్కపక్కన వినబడే చోట, ఒకరు చెప్పని కబురు ఇంకొకరి దగ్గర దొరికే వీలుంది. సరిహద్దు శ్రోతకు ఉన్న ఈ వెసులుబాటు విజయవాడ శ్రోతకు లేదు.

రేడియో అప్పట్లో ఇంటి వస్తువు కూడా కాదు. పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, బ్యాటరీలు కొనాలి. పల్లెల్లో పంచాయతీ ఆఫీసు మీద కట్టిన లౌడ్‌స్పీకరే చాలామందికి మొదటి రేడియో. సాయంత్రం రైతుల కార్యక్రమం, తర్వాత వార్తలు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల్లో అద్దంకి మన్నార్ పేరు వినగానే రచ్చబండ మీద మాటలు ఆగేవి. వేరుశనగ వేసిన రైతుకు వాన కబురే ముఖ్యం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో వాతావరణ సూచనను మించిన రాజకీయ వార్త లేదు. ఆ వార్త తప్పినప్పుడు రేడియోను తిట్టని ఊరూ లేదు.

సినిమా పాటల కథ వేరు. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ సినిమా సంగీతం జనం అభిరుచిని చెడగొడుతోందని నమ్మి, ఆకాశవాణిలో దాన్ని బాగా తగ్గించారు. నిర్మాతలతో తగాదా ముదిరి పాటలు దాదాపు ఆగిపోయాయి. శ్రోతలు ఆగలేదు. షార్ట్ వేవ్ మీద రేడియో సిలోన్‌కు తిరిగారు. హిందీ వాళ్ళకు బినాకా గీత్‌మాలా ఉంటే, తెలుగు వాళ్ళకు అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై ఉంది. పరాయి దేశపు స్టేషన్, తమిళ యాసలో ముద్దుగా పలికే తెలుగు, మన సినిమా పాటలు: ఢిల్లీలో తీసుకున్న నిర్ణయానికి తెలుగు పల్లెలు ఇచ్చిన జవాబు అది. ఎవరూ ఊరేగింపు తీయలేదు, ముల్లు తిప్పారంతే. తెలుగు రేడియో చరిత్రలో సాంస్కృతిక నిరసన అనదగ్గ మొదటి సామూహిక చర్య ఇదేనంటే అతిశయోక్తి కాదు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ్ భారతి పెట్టి ఆకాశవాణే దిగివచ్చింది. 

ఈ గొడవలో ఆకాశవాణికి కూడా ఒక మేలు జరిగింది. సినిమా పాటకు బదులు ఏదో ఒకటి ఇవ్వాలి కనుక తెలుగు కేంద్రాలు లలిత సంగీతాన్ని పెంచాయి. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి చేతుల్లో ఆ ప్రక్రియ నిలదొక్కుకుంది. తెల్లవారుజామున వచ్చే 'భక్తిరంజని' ఇళ్ళలో గడియారం పని కూడా చేసింది. ప్రభుత్వం సినిమాకు ప్రత్యామ్నాయం అనుకున్నది ఇది. శ్రోతలు రెండూ పుచ్చుకున్నారు: పొద్దున భక్తిరంజని, మధ్యాహ్నం సిలోన్.

షార్ట్ వేవ్‌లో ఇంకా చాలా ఉండేవి. మాస్కో రేడియో తెలుగులో సోవియట్ కబుర్లు చెప్పేది. ఫీబా వంటి క్రైస్తవ ప్రసారాలు తెలుగు పాటలతో వచ్చేవి. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి పుట్టిన జిల్లాలో మాస్కో రేడియోకు చెవి ఒగ్గేవాళ్ళు ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఎన్టీఆర్ గొంతు, హిందూపురం ఓటు

రేడియో వేర్వేరు గదుల్లో పెట్టిన రాజకీయం, సినిమా జనంలో మాత్రం కలిసే ఉన్నాయనడానికి హిందూపురాన్ని మించిన ఉదాహరణ లేదు. ఇక్కడ ఓటరుకు ఆ రెండూ ఒకటే. 1967లో నీలం సంజీవరెడ్డిని లోక్‌సభకు పంపింది ఈ నియోజకవర్గమే. ఆ గెలుపుతోనే ఆయన స్పీకరయ్యారు. అది పాత తరహా కాంగ్రెస్ రాజకీయం. 1985 నాటికి కథ మారింది. ఆ మార్చిలో ఎన్.టి. రామారావు హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. 1989లో, 1994లో మళ్ళీ ఇక్కడే గెలిచారు. ఆయన పోయాక 1996 ఉపఎన్నికలో కొడుకు హరికృష్ణ, 2014 నుంచి మూడుసార్లు మరో కొడుకు బాలకృష్ణ గెలిచారు.

ఆ గొంతు ఓటు అడగడానికి వచ్చేనాటికే ఇక్కడి జనానికి మూడు దశాబ్దాలుగా తెలుసు. టూరింగ్ టాకీసుల్లో విన్నారు. ఆకాశవాణి ప్రసారం చేసే సంక్షిప్త శబ్దచిత్రాల్లో బొమ్మ లేకుండా విన్నారు. సినిమా కథను మాటలతో, పాటలతో వినిపించే ఆ కార్యక్రమం తెలుగు రేడియోలో ఒక జనరంజక రూపం. టాకీసు లేని పల్లెలో కూడా కృష్ణుడి వేషం ఏ స్వరంలో మాట్లాడుతుందో తెలిసేది. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూరకర్ణ'కు కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు గ్రామఫోన్ రికార్డులుగా, ఆపైన క్యాసెట్లుగా పెళ్ళిళ్ళలో, జాతరల్లో మైకు సెట్ల మీద మోగాయి. అస్త్రవిద్యా ప్రదర్శన వేళ కులం గురించి దుర్యోధనుడు అడిగే ప్రశ్నను ఏ వార్తా ప్రసారమూ అడగలేదు; మైకు సెట్టు రోజూ అడిగింది.

ఆకాశవాణి వార్తల గది మాత్రం వేరే తీరులో నడిచింది. 1977 ఎన్నికల్లోనే మొదటిసారి గుర్తింపు ఉన్న పార్టీలకు రేడియోలో ప్రసంగించే సమయం ఇచ్చారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టి, చైతన్యరథం ఊళ్ళు తిరుగుతున్నప్పుడు పార్టీ పాటలు వినబడింది రథం మీది మైకులో, క్యాసెట్టులో. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ బర్తరఫ్ చేసిన ఎన్టీఆర్ ప్రభుత్వం నెల తర్వాత తిరిగి నిలబడిన రోజుల్లో ఉద్యమం పత్రికల మీద, సభల మీద నడిచింది. రేడియో కేంద్ర ప్రభుత్వ శాఖగానే ఉంది. ప్రసార భారతి సంస్థగా అవతరించింది 1997 నవంబరులో మాత్రమే. ఇప్పటికీ ఎన్నికల వేళ బరిలో ఉన్న నటుల సినిమాలను దూరదర్శన్ పక్కన పెడుతుంది. నటుడినీ నాయకుడినీ విడదీయాలన్న ఆ నియమం ఢిల్లీలో సమంజసంగా కనబడవచ్చు. హిందూపురంలో దాన్ని అమలు చేయడమంటే మైకు సెట్టు వాళ్ళందరినీ ఊరు దాటించాలి.

క్యాసెట్టును ఈ కథలో చిన్నచూపు చూడకూడదు. లైసెన్సు అక్కర్లేని రేడియో అది. 1972లో ఏర్పడ్డ జన నాట్యమండలి పాటలు, విప్లవ గాయకుడు గద్దర్ గొంతు ఆకాశవాణి గడప బయటే ఉండి టేపు రికార్డర్ల మీద రాష్ట్రమంతా తిరిగాయి. ధర్మవరం మగ్గాల ఇళ్ళలో గుంతలో కాళ్ళు పెట్టి రోజంతా కూర్చునే నేతగాడికి చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీనే. పడుగూ పేకా నడిచే చప్పుడులో పాట కావాలి. ఆ పాట స్టేషన్ నుంచి వచ్చిందా, టేపు నుంచి వచ్చిందా అన్నది ఆయనకు పట్టని విషయం.

1990ల మొదట్లో అనంతపురం ఆకాశవాణి ఎఫ్.ఎం. 101.7 వచ్చింది. జిల్లా కేంద్రాల్లో స్థానిక రేడియోలు పెట్టాలన్న ప్రణాళికలో భాగమది. ఉరుముల వాద్యం, చెక్కభజన, కోలాటం వంటి ఈ నేల కళలకు కడపకంటే దగ్గరి మైకు దొరికింది. దాని సేవ పెద్దదే, కానీ ప్రభుత్వ కేంద్రం కనుక ఈ వ్యాసం పరిధిలో దానికి ఇంతే చోటు.

పుట్టపర్తి: ఆకాశం నుంచి ఇంకో దారి

ధర్మవరానికీ పెనుకొండకూ మధ్య రైలు దిగి వెళ్ళే పుట్టపర్తిలో 2001 నవంబరు 23న, సత్యసాయిబాబా పుట్టినరోజున, రేడియో సాయి గ్లోబల్ హార్మనీ మొదలైంది. వరల్డ్‌స్పేస్ సంస్థ ఉపగ్రహాలైన ఏషియాస్టార్, ఆఫ్రిస్టార్ ద్వారా ఆసియా, ఆఫ్రికా దేశాలకు ప్రసారం. భారతదేశంలో ప్రైవేటు సంస్థలకు ఎఫ్.ఎం. లైసెన్సులు అప్పుడప్పుడే అందుతున్న రోజులు. బెంగళూరులో దేశపు తొలి ప్రైవేటు స్టేషన్ రేడియో సిటీ వచ్చింది ఆ ఏడాది జులై 3నే. అలాంటప్పుడు రాయలసీమలోని ఒక పల్లె పట్నం నుంచి ఖండాలు దాటే స్టేషన్ నడిచింది.

దీన్ని ప్రత్యామ్నాయం అనవచ్చా? ప్రభుత్వానిది కాదు, ప్రకటనల మీద బతికేదీ కాదు. ఆ లెక్కన అవును. భజనలు, ప్రసంగాలు, భక్తుల అనుభవాలే తప్ప రాజకీయం లేదు. ఆ లెక్కన సగమే. పైగా మామూలు ట్రాన్సిస్టరులో అది పలకదు. ప్రత్యేక రిసీవరు, కిటికీ బయట పెట్టే చిన్న యాంటెన్నా కావాలి. బుక్కపట్నం రైతుకంటే సింగపూర్ భక్తుడికే అది తేలిగ్గా అందింది. ఏ.ఆర్. రెహమాన్ చేత ప్రచారం చేయించి, చందా పద్ధతిలో పదుల కొద్దీ చానళ్ళు నడిపిన వరల్డ్‌స్పేస్ 2008లో దివాలా తీసింది. భారత్‌లో 2009 డిసెంబరు 31న ఆగిపోయింది. రేడియో సాయి ఇంటర్నెట్టుకు మారింది.

ఓర్వకల్లు, పస్తాపూరు, బూదికోట

జనం తామే మైకు పట్టుకున్న సందర్భాలు ఈ మూడు ఊళ్ళ బయట మూడు చోట్ల ఉన్నాయి.

దీనికి దారి వేసింది 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. క్రికెట్ ప్రసారాల తగాదాలో పుట్టిన ఆ కేసులో జస్టిస్ పి.బి. సావంత్, తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తదితరులు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చారు. 1996లో బెంగళూరులో, 2000లో మెదక్ జిల్లా పస్తాపూరులో సమావేశమైన కార్యకర్తలు సామాజిక రేడియోకు లైసెన్సులు ఇవ్వాలని ప్రకటనలు చేశారు. ప్రభుత్వం 2002 డిసెంబరులో తలుపు సగం తెరిచింది: విద్యాసంస్థలకు మాత్రమే.

అదే 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు 'మన రేడియో' మొదలుపెట్టారు. తక్కువ శక్తి ట్రాన్స్‌మీటరు, తమ మండలం కబుర్లు, తమ పాటలు. 2003 ఫిబ్రవరిలో కేంద్ర అధికారులు వచ్చి లైసెన్సు లేదని మూయించి పరికరాలు పట్టుకుపోయారు. పొదుపు సంఘాలను రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా మెచ్చుకుంటున్న కాలమది. ఆ మహిళలు అప్పు తీసుకుని తిరిగి కడితే దేశానికి ఆదర్శం, మైకులో మాట్లాడితే నేరం. రాయలసీమలో నిజమైన ప్రత్యామ్నాయ రేడియో ఏదైనా ఉందంటే అది ఆ కొద్ది నెలలదే. పాటను, బతుకు సమస్యను విడదీయకుండా వినిపించిందది.

పస్తాపూరు వాళ్ళు ఓపిక పట్టారు. పి.వి. సతీశ్ నాయకత్వంలోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990ల చివరిలోనే స్టూడియో కట్టుకుంది. లైసెన్సు రాకముందు కార్యక్రమాలను టేపుల మీద సంఘాల సమావేశాల్లో వినిపించేవారు. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ అనుమతి ఇచ్చాక 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మీద మొదలైంది. ప్రారంభించడానికి వచ్చింది తీర్పు రాసిన సావంత్ గారే. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు. చిరుధాన్యాలు, విత్తనాలు, పండగలు, మంత్రసానుల అనుభవం, నాట్ల పాటలు, అన్నీ జహీరాబాద్ మాటలో. బొంబాయి, హైదరాబాదు భాషల మోత లేని ఆ స్టేషన్‌లో విత్తనం గురించి చెప్పే ప్రతి మాటా రాజకీయమే. చట్టం దాన్ని వ్యవసాయ సమాచారం కింద లెక్కేసింది.

మూడోది హిందూపురానికి ఆగ్నేయంగా, కోలారు జిల్లా బూదికోట. హైదరలీ పుట్టిన ఊరు. కన్నడం, తెలుగు కలిసి మాట్లాడే ఆ పల్లెలో మైరాడ, వాయిసెస్ సంస్థలు యునెస్కో సాయంతో 'నమ్మ ధ్వని' పెట్టాయి. గాలిలో ప్రసారానికి అనుమతి లేదు కనుక టీవీ కేబుల్ తీగ మీదుగా ఇళ్ళకు శబ్దం పంపారు. చట్టం ఆకాశం గురించే మాట్లాడింది, తీగ గురించి కాదు. ఇలాంటి కిటుకు సరిహద్దు ఊళ్ళకే తడుతుందేమో.

నియమాలు, వేలం

సామాజిక రేడియోకు 50 వాట్ల ట్రాన్స్‌మీటరు, 30 మీటర్ల స్తంభం హద్దు. పది పదిహేను కిలోమీటర్లు వినబడుతుంది. హిందూపురంలో పెడితే లేపాక్షి దాకా వెళ్ళి ఆగుతుంది. సుమారు 40 కిలోమీటర్ల అవతలి పెనుకొండను అందుకోలేదు. కనీసం సగం కార్యక్రమాలు అక్కడే తయారుకావాలన్నది మంచి నియమం. వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్నవేవీ ఉండకూడదన్నది 2006 మార్గదర్శకాల్లోని చిక్కు నియమం. తర్వాత ఆకాశవాణి వార్తలను మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చన్నారు. ప్రైవేటు ఎఫ్.ఎం.లకూ ఇంచుమించు ఇదే. వార్తాపత్రిక, టీవీ చానలు, సెల్‌ఫోను అన్నింట్లోనూ స్వేచ్ఛగా వచ్చే వార్త ఒక్క రేడియోలోనే ఎందుకు ప్రమాదమో ఏ ప్రభుత్వమూ ఒప్పించేలా చెప్పలేదు. కామన్ కాజ్ సంస్థ 2013లో ఇదే ప్రశ్నతో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2014 అక్టోబరు నుంచి ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' మాత్రం ఎన్నో భాషల్లో ఆకాశవాణి మీద వస్తోంది.

ఈలోగా కలపాల్సినవన్నీ ఫోనులో కలిసిపోయాయి. తెలుగువన్ వారి టోరి వంటి ఇంటర్నెట్ రేడియోలు ప్రవాసులకు పాటలు, ముచ్చట్లు అందించాయి. 'హర్షణీయం' లాంటి పాడ్‌కాస్టులు కథలను, రచయితల సంభాషణలను వినిపిస్తున్నాయి. బెంగళూరుకు పనికి పోయే హిందూపురం కుర్రాడు రైల్లో చెవిలో పెట్టుకునేది వీటినీ, యూట్యూబ్‌నూ.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ప్రైవేటు ఎఫ్.ఎం. లేని 234 ఊళ్ళలో 730 చానళ్ళ వేలానికి ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్ జాబితాలో అనంతపురం, ఆదోని, గుంతకల్లు, తాడిపత్రిలతో పాటు హిందూపురం, ధర్మవరం కూడా ఉన్నాయి. జనాభా లెక్కన తయారైన జాబితా అది. 2011లో హిందూపురానిది లక్షన్నర, ధర్మవరానిది లక్షా ఇరవై వేలు దాటింది. ఒకనాటి రాజధాని పెనుకొండకు అందులో చోటు లేదు. ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీ వల్ల ఆ చుట్టుపక్కల ప్రకటనలిచ్చే వ్యాపారులకు కొదవ ఉండకపోవచ్చు. అయినా అక్కడ ఎవరైనా రేడియో పెట్టాలనుకుంటే మిగిలింది సామాజిక రేడియో దారే: కనీసం మూడేళ్ళుగా నమోదై ఉన్న స్వచ్ఛంద సంస్థ, కళాశాల లేదా కృషి విజ్ఞాన కేంద్రం దరఖాస్తు చేసుకోవచ్చు.